క్రిస్టఫర్ స్ట్రేచీ

క్రిస్టఫర్ స్ట్రేచీ (నవంబరు 16, 1916 - మే 18, 1975) బ్రిటన్‌కు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. ప్రోగ్రామింగు భాషలలోని వాక్యాల అర్థాన్ని గణితపద్ధతిలో నిర్వచించే డినోటేషనల్ సిమాంటిక్స్ అనే శాస్త్రశాఖకు అమెరికా తర్కశాస్త్రవేత్త డేనా స్కాట్‌తో కలిసి పునాది వేశాడు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ప్రోగ్రామింగ్ రిసెర్చ్ గ్రూప్‌ను స్థాపించి, తుదివరకు దానికి నాయకత్వం వహించాడు. ఒకే ప్రమేయము అనేక రకాల విలువలపై పనిచేయగలగటాన్ని బహురూపత అంటారు. ఈ బహురూపత రెండు విధాలని 1967లో స్పష్టంగా వేరుచేసి, రెండింటికీ పేర్లు పెట్టినది స్ట్రేచీయే. ఫంక్షనల్ ప్రోగ్రామింగు భాషలలో తరువాత వచ్చిన టైప్ క్లాసులు, మాడ్యూళ్ళు అనే రెండు ఏర్పాట్లను అర్థం చేసుకోవటానికి ఆ విభజనే నేటికీ ఆధారము.

వంశము, బాల్యము

స్ట్రేచీ లండన్ నగరంలోని హాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తండ్రి ఆలివర్ స్ట్రేచీ, తల్లి రే స్ట్రేచీ. ఈ కుటుంబానికి భారతదేశంతో తరతరాల సంబంధము ఉన్నది. తాత సర్ రిచర్డ్ స్ట్రేచీ బ్రిటిషు పాలనలో ఇంజనీరుగా, పరిపాలకుడుగా మన దేశంలో దీర్ఘకాలం పనిచేసి, తరువాత ఈస్ట్ ఇండియన్ రైల్వే కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. ఆలివర్ కూడా కొంతకాలం ఆ రైల్వేలోనే ఉద్యోగం చేశాడు. అనంతరం ఇంగ్లండులో స్థిరపడి, రెండు ప్రపంచ యుద్ధాలలోను శత్రువుల రహస్య లిపులను ఛేదించే విభాగాలలో పనిచేశాడు. తల్లి రే స్ట్రేచీ స్త్రీల వోటుహక్కు ఉద్యమంలో ప్రముఖురాలు. ఆ ఉద్యమ చరిత్రను ది కాజ్ అనే పేరుతో 1928లో గ్రంథస్థం చేసింది. స్వతహాగా గణితం చదువుకున్న విదుషీమణి. సుప్రసిద్ధ జీవితచరిత్రకారుడు లిట్టన్ స్ట్రేచీ క్రిస్టఫర్‌కు పినతండ్రి. వర్జీనియా వుల్ఫ్, జాన్ మేనార్డ్ కీన్స్ మొదలైనవారితో కూడిన బ్లూమ్స్‌బరీ మేధావి బృందం ఈ ఇంటివారికి ఆప్తవర్గము.

ఇటువంటి ఇంట పుట్టిన పిల్లవాడు చదువులో ముందుంటాడని అందరూ అనుకుంటారు. స్ట్రేచీ విషయంలో అలా జరగలేదు. 13వ ఏట గ్రెషమ్స్ పాఠశాలలో చేరాడు. తెలివితేటలు అప్పుడప్పుడు మెరిసేవి గాని, మార్కులలో కనబడేవి కావు. 1935లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి మొదట గణితము, పిదప భౌతికశాస్త్రము చదివాడు. అదే కళాశాలలో అంతకు కొద్ది సంవత్సరాల ముందు చదివి ఫెలోగా ఉన్న అలాన్ ట్యూరింగ్‌తో పరిచయం ఏర్పడినది అక్కడే. మూడవ సంవత్సరం చివర స్ట్రేచీ తీవ్రమైన మానసిక అస్వస్థతకు లోనై చదువు ఆపవలసి వచ్చింది. తిరిగి వచ్చి పట్టా తీసుకున్నాడు గాని, వచ్చినది ద్వితీయ శ్రేణిలో దిగువ భాగం మాత్రమే. పరిశోధన చేసి డాక్టరేటు పొందాలన్న ఆశ అక్కడితో ముగిసింది. ఆ పట్టము లేకుండానే ఈయన చివరకు ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడయ్యాడు.

ఉపాధ్యాయ వృత్తి

యుద్ధకాలమంతా స్టాండర్డ్ టెలిఫోన్స్ అండ్ కేబుల్స్ అనే సంస్థలో భౌతికశాస్త్రవేత్తగా పనిచేశాడు. రాడార్లలో వాడే ఎలక్ట్రాన్ గొట్టాల రూపకల్పనకు కావలసిన గణన అతని పని. ఆ సమీకరణాలు చేతితో సాధించటానికి లొంగేవి కావు. అందుకోసం డిఫరెన్షియల్ ఎనలైజర్ అనే యంత్రాన్ని ఉపయోగించవలసి వచ్చింది. గణన యంత్రాలపై ఆసక్తి అలా మొదలయింది.

యుద్ధం ముగియగానే 1945లో కాంటర్‌బరీలోని సెయింట్ ఎడ్మండ్స్ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. 1949లో పేరుమోసిన హారో పాఠశాలకు మారాడు. గణితము, భౌతికశాస్త్రము బోధించేవాడు. కంప్యూటరు చరిత్రలో ఈయన చేసిన మొదటి ఘనకార్యాలన్నీ పాఠశాల సెలవులలో జరిగినవే. 1951 జనవరిలో ఒక మిత్రుని ద్వారా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలోని మైక్ వుడ్జర్‌తో పరిచయం కలిగింది. అక్కడ అప్పుడే తయారైన పైలట్ ఏస్ అనే కంప్యూటరును చూచిన స్ట్రేచీ, దానిచేత డ్రాఫ్ట్స్ ఆట ఆడించాలని సంకల్పించాడు. గళ్ళ బల్లమీద ఎదుటివాని కాయలపై నుండి దూకి వాటిని తీసివేసే ఆట ఇది. ఆ ఏడు జూలై 30న ప్రోగ్రామును యంత్రంపై పరీక్షించగా దోషాల వలన నడవలేదు. అంతలో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలోని కంప్యూటరుకు ఇంతకంటె పెద్ద మెమరీ ఉన్నదని తెలిసింది. దానికి మార్గదర్శక గ్రంథము వ్రాసినది ట్యూరింగే. పాత పరిచయాన్ని పురస్కరించుకొని ఒక ప్రతిని అడిగి తెప్పించుకున్నాడు.

అభ్యాసంగా వేరొక ప్రోగ్రాము వ్రాయమని ట్యూరింగ్ సూచించాడు. ఆ యంత్రము తన పనితీరును తానే అనుకరించి, ఇతర ప్రోగ్రాములను అడుగడుగునా తనిఖీ చేయాలి. అనుభవజ్ఞులకు కూడా కష్టమైన ఈ పనిని ఒక బడిపంతులు నెలల వ్యవధిలో ముగించి తెచ్చాడు. ఒక రాత్రంతా యంత్రం దగ్గర కూర్చొని దోషాలు సవరించగా అది పనిచేసింది. పని ముగియగానే కంప్యూటరులోని శబ్దసాధనం నుండి బ్రిటిషు జాతీయగీతపు బాణీ వినవచ్చింది. ఎవరికీ చెప్పకుండా స్ట్రేచీ దానిని ప్రోగ్రాము చివర చేర్చి ఉంచాడు. మాంచెస్టరులో ఆయన పేరు మోగిపోవటానికి ఈ సంఘటన ఒక్కటే చాలింది. అదే 1951లో బి.బి.సి. వారు మాంచెస్టరు కంప్యూటరు వినిపించిన మూడు బాణీలను రికార్డు చేశారు. కంప్యూటరు సంగీతానికి మిగిలివున్న అతి పాత ధ్వనిముద్రణ అదే. 2016లో న్యూజీలాండు పరిశోధకులు దాని శ్రుతిదోషాలను సవరించి మరల వినగలిగేలా చేశారు.

1952 వేసవి నాటికి డ్రాఫ్ట్స్ ప్రోగ్రాము పూర్తి ఆటను తగిన వేగంతో ఆడసాగింది. అదే సంవత్సరం నామవాచకాలు, విశేషణాలు, క్రియల పట్టికలనుండి యాదృచ్ఛికంగా మాటలు ఎన్నుకొని ప్రేమలేఖలు వ్రాసే మరొక ప్రోగ్రామును కూడా తయారుచేశాడు. ఆ లేఖల అడుగున సంతకంగా మాంచెస్టరు విశ్వవిద్యాలయ కంప్యూటరు పేరులోని పొడి అక్షరాలు ఉండేవి. ఇది వినోదంగా తోచినా, లెక్కలు కాని పనులను కూడా కంప్యూటరుచేత చేయించవచ్చునని చూపించటమే ఈ ప్రయత్నాల ఉద్దేశం.

ప్రభుత్వ సంస్థలో, స్వతంత్ర వృత్తిలో

ఈ ప్రతిభను గుర్తించిన లార్డ్ హాల్స్‌బరీ 1952లో స్ట్రేచీని నేషనల్ రిసెర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌లో నియమించాడు. కెనడాలో సెయింట్ లారెన్స్ జలమార్గ నిర్మాణానికి కావలసిన నీటిమట్టాల లెక్కలను టొరాంటో విశ్వవిద్యాలయ కంప్యూటరుపై చేసిపెట్టాడు. 1956లో వెలువడిన ఫెరాంటి పెగాసస్ అనే కంప్యూటరు ఆదేశాల అమరికను ప్రోగ్రాము వ్రాసేవారికి సులువుగా ఉండేలా తీర్చినవారిలో ముఖ్యుడు. 1959లో పారిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సభలో, ఒకే కంప్యూటరు సమయాన్ని పలు పనులు పంచుకొనే విధానం గురించి పత్రం సమర్పించాడు.

అదే సంవత్సరం ఉద్యోగం వదలి స్వతంత్ర సలహాదారుగా మారాడు. తన సంపాదనతో సహాయకుడుగా పీటర్ లాండిన్ అనే యువకుణ్ణి పెట్టుకున్నాడు. లాండిన్‌కు అప్పగించిన పని పైకి కంపైలరు నిర్మాణానికి సంబంధించినది. అతడు వాస్తవంగా ఎక్కువ కాలం వెచ్చించినది అలోంజో చర్చి 1930లలో రూపొందించిన లాంబ్డా కలనంతో ప్రోగ్రామింగు భాషలను వివరించటంపై. ఒక సలహాదారు తన జేబులోని డబ్బుతో ఇటువంటి సిద్ధాంత పరిశోధనను పోషించటం ఆనాడేకాదు, ఎన్నడూ సాధారణం కాదు. ఫంక్షనల్ ప్రోగ్రామింగు చరిత్రలో మేటి రచనలుగా పేరొందిన లాండిన్ 1964, 1966 నాటి వ్యాసాలకు బీజం అక్కడ పడింది.

సి.పి.ఎల్. భాష

1962లో స్ట్రేచీ కేంబ్రిడ్జికి వెళ్ళి, అక్కడి గణిత ప్రయోగశాల, లండన్ విశ్వవిద్యాలయం కలిసి తలపెట్టిన సి.పి.ఎల్. అనే కొత్త భాష రూపకల్పనలో ప్రధానపాత్ర వహించాడు. ఆ భాష ఆశయాలు ఆనాటి కంప్యూటర్ల శక్తిని మించినవి. కనుక అది పూర్తిస్థాయిలో వాడుకలోకి రాలేదు. అయితే దానిని బాగా కుదించి మార్టిన్ రిచర్డ్స్ బి.సి.పి.ఎల్. అనే భాషను చేశాడు. దానినుండి కెన్ థాంప్సన్ బి భాషను, అందునుండి డెన్నిస్ రిచీ సి భాషను తయారుచేశారు. నేడు ప్రతి విద్యార్థీ నేర్చే సి భాషకు సి.పి.ఎల్. ముత్తవ్వ వరుస అవుతుంది.

ఆ భాషను తీర్చిదిద్దే చర్చలలో స్ట్రేచీని వేధించిన ప్రశ్న ఒకటున్నది. ప్రోగ్రాములో ఒక వాక్యానికి అర్థం ఏమిటి? కంపైలరు ఏమి చేస్తే అదే అర్థం అని సరిపెట్టుకోవటం ఈయనకు రుచించలేదు. 1964లో ఆస్ట్రియాలో జరిగిన సభలో ఈ విషయంపై మొదటి వ్యాసం చదివాడు. 1965లో ఆక్స్‌ఫర్డుకు మారి ప్రోగ్రామింగ్ రిసెర్చ్ గ్రూప్‌ను ప్రారంభించాడు.

కోపెన్‌హాగెన్ ఉపన్యాసాలు

1967 ఆగస్టులో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో జరిగిన వేసవి పాఠశాలలో స్ట్రేచీ ప్రోగ్రామింగు భాషల మౌలిక భావనల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆ ప్రసంగాల ప్రతులు చేతులు మారుతూ ప్రపంచమంతటా తిరిగాయి. ప్రచురిస్తామన్న సంపుటి మాత్రం వెలువడలేదు. చివరకు హయ్యర్-ఆర్డర్ అండ్ సింబాలిక్ కంప్యూటేషన్ అనే పత్రిక 2000లో వాటిని ముద్రించింది. అంటే ఉపన్యాసమిచ్చిన 33 ఏళ్ళకు, రచయిత మరణించిన పాతికేళ్ళకు. స్ట్రేచీ స్వభావం కూడా ఇందుకు కొంత కారణమే. పూర్తిగా తృప్తి కలిగితే తప్ప దేనినీ అచ్చుకు ఇచ్చేవాడు కాదు.

నేటి పాఠ్యపుస్తకాలలోని అనేక మాటలు ఈ ఉపన్యాసాల ద్వారానే వ్యాప్తిలోకి వచ్చాయి. కేటాయింపు గుర్తుకు ఎడమవైపున్న పేరు మెమరీలోని స్థానాన్ని, కుడివైపున్న పేరు అక్కడున్న విలువను సూచిస్తాయని వివరిస్తూ ఎడమ విలువ, కుడి విలువ అనే మాటలు వాడాడు. ప్రమేయాలను కూడా సంఖ్యలవలెనే ఒకచోటినుండి మరొకచోటికి పంపగలిగితే అవి ఆ భాషలో ప్రథమశ్రేణి వస్తువులని నిర్ణయించాడు. అన్నిటికంటె దూరం ప్రయాణించినది బహురూపత గురించిన విభజన.

కూడిక గుర్తును తీసుకుందాము. పూర్ణాంకాలను కూడటానికీ, దశాంశ సంఖ్యలను కూడటానికీ అదే గుర్తు. కాని యంత్రం లోపల ఈ రెండు కూడికలు పూర్తిగా వేరువేరు పనులు. మన భాషలో కరము అనే మాటకు చేయి, పన్ను, కిరణము అని నానార్థాలున్నట్లు ఒకే గుర్తుకు సందర్భాన్నిబట్టి వేరువేరు అర్థాలు. ఏ రకానికి ఏ అర్థమో విడివిడిగా చెప్పుకోవాలే తప్ప అన్నిటికీ వర్తించే సూత్రం లేదు. దీనికి స్ట్రేచీ యాడ్ హాక్ బహురూపత అని పేరుపెట్టాడు. లాటిన్ భాషలో ఆ మాటకు అప్పటి అవసరానికి మాత్రమే కుదుర్చుకున్నది అని భావము.

రెండవది ఇందుకు భిన్నమైనది. ఒక జాబితాలోని ప్రతి అంశానికి ఇచ్చిన ప్రమేయాన్ని వర్తింపజేసి కొత్త జాబితాను తయారుచేసే మ్యాప్ అనే ప్రమేయం ఉపన్యాసంలో ఇచ్చిన ఉదాహరణ. జాబితాలో ఉన్నవి సంఖ్యలా, పేర్లా, మరికొన్ని జాబితాలా అని మ్యాప్ చూడదు. ఉత్తరాల కట్టను తిరగవేసేవాడికి ఉత్తరాలలో ఏమి వ్రాసివున్నదో అవసరం లేనట్లే. అన్ని రకాలకూ ఒకే ప్రోగ్రాము, ఒకే అర్థము. రకమనేది ఇక్కడ ఒక పరామితి మాత్రమే. కనుక దీనిని పారామెట్రిక్ బహురూపత అన్నాడు.

పేర్లను చూస్తేనే ఏది ఉత్తమమైనదో ఏది సవతిబిడ్డో తెలిసిపోతుంది. పారామెట్రిక్ బహురూపతకు క్రమము, సౌందర్యము ఉన్నాయి. యాడ్ హాక్ బహురూపతలో ఒక క్రమపద్ధతి కనబడటం లేదని స్ట్రేచీ భావించి, దాని లక్షణాన్ని క్లుప్తంగా చెప్పి ముందుకు సాగిపోయాడు. మిగిలిన ఈ సగమే తరువాతి తరానికి పెద్ద సమస్య అయింది.

డేనా స్కాట్‌తో సహకారము

1969లో స్ట్రేచీకి డేనా స్కాట్‌తో పరిచయమయింది. ఆ శరదృతువులో స్కాట్ ఆక్స్‌ఫర్డుకు వచ్చి స్ట్రేచీతో కలిసి పనిచేశాడు. ఇద్దరి స్వభావాలు ఒకటి కావు. స్ట్రేచీ యంత్రం దగ్గర రాత్రులు గడిపిన ప్రోగ్రామరు. స్కాట్ తర్కశాస్త్రంలో నిష్ణాతుడు. స్ట్రేచీ తన సిద్ధాంతమంతటినీ రకాల నియమాలు లేని లాంబ్డా కలనంపై నిర్మించాడు. స్కాట్ దీనికి అభ్యంతరం చెప్పాడు. ఆ కలనంలో ప్రతి వస్తువూ ప్రమేయమే, ప్రతి ప్రమేయమూ వస్తువే. కాని ఒక సమితిపై ఉండే ప్రమేయాలన్నిటి సంఖ్య ఆ సమితికంటె ఎప్పుడూ పెద్దదని కాంటర్ నాటినుండి తెలిసినదే. అటువంటప్పుడు ఈ చిహ్నాలు దేనిని సూచిస్తున్నట్లు? రకాల నియమాలు పాటించే తర్కాన్ని చేపట్టమని స్ట్రేచీకి నచ్చజెప్పటానికి 1969 అక్టోబరులో స్కాట్ ఒక వ్యాసం వ్రాశాడు.

నవంబరులో స్కాట్ తన వాదాన్ని తానే పూర్వపక్షం చేసుకోవలసి వచ్చింది. ప్రమేయాలన్నిటినీ కాక, ఒక విశేషార్థంలో అవిచ్ఛిన్నములైన ప్రమేయాలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే కాంటర్ చెప్పిన అడ్డంకి తొలగి, రకాలు లేని లాంబ్డా కలనానికి గణిత నమూనా లభిస్తుందని కనుగొన్నాడు. యంత్రాలు గణించగల ప్రమేయాలు ఈ కోవలోనివే కనుక ప్రోగ్రాములకు ఇది చాలును. స్ట్రేచీ అంతర్బుద్ధితో చేసిన పనికి గట్టి పునాది దొరికింది. ఇద్దరూ కలిసి వ్రాసిన వ్యాసం 1971లో వెలువడింది. ఆ ఏడే ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం స్ట్రేచీని ఆచార్యునిగా నియమించింది.

స్కాట్ పక్కనపెట్టిన అక్టోబరు వ్యాసం 1993 వరకు అచ్చు కాలేదు. అయినా దాని వ్రాతప్రతి నిరుపయోగం కాలేదు. అందులోని తర్కాన్ని ఆధారం చేసుకొని రాబిన్ మిల్నర్ మొదట స్టాన్‌ఫర్డులో, తరువాత ఎడింబరోలో ఎల్.సి.ఎఫ్. అనే సిద్ధాంత నిరూపణ వ్యవస్థను నిర్మించాడు. ఆ వ్యవస్థను నడపటానికి చేసుకున్న భాషే ఎం.ఎల్. అదే కాలంలో డేవిడ్ టర్నర్ ఆక్స్‌ఫర్డులో స్ట్రేచీ వద్ద పరిశోధక విద్యార్థిగా ఉన్నాడు. అతడు తరువాత మిరాండా భాషను, ఆ భాష హాస్కెల్ రూపకర్తలకు స్ఫూర్తిని ఇచ్చారు. మాడ్యూళ్ళ పక్షానికి ప్రతినిధి ఎం.ఎల్., టైప్ క్లాసుల పక్షానికి ప్రతినిధి హాస్కెల్. రెండు శాఖలకూ వేరు స్ట్రేచీ కాలపు ఆక్స్‌ఫర్డులో కనబడుతుంది.

మరణము

స్ట్రేచీ చివరి సంవత్సరాలలో శిష్యుడు రాబర్ట్ మిల్న్‌తో కలిసి కేంబ్రిడ్జివారి ఆడమ్స్ బహుమతి పోటీకి ఒక బృహద్వ్యాసం సిద్ధం చేశాడు. బహుమతి రాలేదు. దానిని గ్రంథంగా తిరిగి వ్రాయాలనుకుంటుండగా జబ్బుపడ్డాడు. మొదట కామెర్లు అన్నారు. కొంత కోలుకున్నట్లు కనిపించి వ్యాధి మరల తిరగబెట్టింది. కాలేయానికి సోకిన అంటువ్యాధితో 1975 మే 18న, 58 ఏళ్ళ వయసులో మరణించాడు. గ్రంథాన్ని మిల్న్ పూర్తిచేసి 1976లో ఇద్దరి పేర్లతో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. ఆక్స్‌ఫర్డులో స్ట్రేచీ తరువాత ఆ బృందానికి నాయకత్వం వహించటానికి 1977లో టోనీ హోర్ వచ్చాడు.

మిగిలిపోయిన సగము: టైప్ క్లాసులు, మాడ్యూళ్ళు

మిల్నర్ 1978లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం పారామెట్రిక్ బహురూపతకు స్థిరమైన రూపమిచ్చింది. ప్రోగ్రాము వ్రాసేవాడు రకాలను పేర్కొనకపోయినా, సాధ్యమైనంత విస్తృతమైన రకాన్ని కంపైలరే ఊహించి తేల్చుతుంది. స్ట్రేచీ చూపిన మ్యాప్ ఉదాహరణ ఎం.ఎల్. భాషలో ఒక్క రక ప్రకటన కూడా లేకుండా నడుస్తుంది.

యాడ్ హాక్ బహురూపత దగ్గర మాత్రం భాషలన్నీ తడబడ్డాయి. స్టాండర్డ్ ఎం.ఎల్. కూడిక గుర్తుకు కంపైలరులోనే ప్రత్యేక మినహాయింపు పెట్టింది. అదే వంశానికి చెందిన ఓక్యామెల్ భాష మినహాయింపులు వద్దని, పూర్ణాంకాల కూడికకు + గుర్తును, దశాంశాల కూడికకు +. అనే వేరొక గుర్తును పెట్టింది. మిరాండా సంఖ్యలన్నిటినీ ఒకే రకంగా భావించి చిక్కును దాటవేసింది.

1987లో హాస్కెల్ భాషను తలపెట్టిన సంఘం ముందు కూడా ఇదే ప్రశ్న నిలిచింది. ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ 1989లో దీనికి సమాధానంగా టైప్ క్లాసులను ప్రతిపాదించారు. యాడ్ హాక్ బహురూపతలోని యాడ్ హాక్ గుణాన్ని తగ్గించటం ఎలాగ అన్నది వారి వ్యాసం పేరు. స్ట్రేచీ పెట్టిన పేరుపైనే చమత్కారం. వారి పద్ధతి ఇది: సమానత్వాన్ని పరీక్షించటం, క్రమంలో పోల్చటం, కూడటం వంటి పనులను క్లాసులుగా విభజిస్తారు. ఒక రకం ఏయే క్లాసులలో చేరుతుందో, ఆ పనులను ఎలా నిర్వహిస్తుందో ప్రోగ్రామరు ఒకసారి ప్రకటిస్తాడు. ఆ తరువాత ఆ గుర్తు కనబడినచోట రకాన్నిబట్టి తగిన ప్రమేయాల పట్టికను కంపైలరు తానే వెదకి, కంటికి కనబడని పరామితిగా అందజేస్తుంది. దీనితో నానార్థాలు గల గుర్తు కూడా పారామెట్రిక్ ప్రమేయంగానే మారిపోతుంది. స్ట్రేచీ వేరుచేసిన రెండు వర్గాల నడుమ ఇలా వంతెన పడింది.

ఎం.ఎల్. వారి మార్గము వేరు. డేవిడ్ మెక్వీన్ 1984లో ప్రతిపాదించిన మాడ్యూళ్ళు ప్రధానంగా పెద్ద ప్రోగ్రాములను భాగాలుగా విడదీసి, లోపలి నిర్మాణాన్ని బయటివారి కంటపడకుండా దాచటానికి ఏర్పడినవి. రకాలను, వాటిపై పనిచేసే ప్రమేయాలను కలిపి కట్టిన మూట స్ట్రక్చర్. మూటలో ఏమేమి ఉన్నాయో బయటికి చెప్పే జాబితా సిగ్నేచర్. ఒక మూటను తీసుకొని మరొక మూటను తయారుచేసి ఇచ్చేది ఫంక్టర్. హాస్కెల్‌లో కంపైలరు వెదకి అందించే పట్టికను ఇక్కడ ప్రోగ్రామరు పేరుతో పిలిచి స్వయంగా అందిస్తాడు.

ఈ భేదం ఎక్కడ బయటపడుతుందో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చును. పదాల సమితిని మెమరీలో క్రమపద్ధతిలో నిలవచేయాలంటే ఏ పదం ముందో ఏది వెనుకో తెలియాలి. నిఘంటువులలో అకారాది క్రమం ఉంటుంది. వేరొక అవసరానికి పదాలను మొదట పొడవునుబట్టి, పొడవు సమానమైనచోట అకారాదిగా పేర్చవచ్చును. ఓక్యామెల్‌లో ఈ రెండు క్రమాలనూ రెండు మాడ్యూళ్ళుగా వ్రాసి, సమితులను తయారుచేసే ఫంక్టరుకు వేరువేరుగా అందిస్తే రెండు రకాల సమితులు వస్తాయి. పొరపాటున ఒకదానిని మరొకదానితో కలపబోతే కంపైలరు ఒప్పుకోదు. హాస్కెల్‌లో ఒక రకానికి ఒక క్లాసులో ఒకే ప్రకటన ఉండాలి. కనుక రెండవ క్రమం కావాలంటే పదాలకు కొత్త రకం పేరుతో పైన ఒక తొడుగు తొడగాలి. ఇది అదనపు శ్రమ. కాని ఆ ఒకే ప్రకటన అన్న కట్టుబాటు వలననే, ప్రోగ్రాములో ఎక్కడ తయారైన సమితులనైనా నిర్భయంగా కలుపుకోవచ్చును. అన్నిటి క్రమమూ ఒకటేనని ముందే తెలుసు. పైగా చిన్నచిన్న పనులకు ప్రతిసారీ మాడ్యూలును పేరుపెట్టి పిలవటం ఎంత విసుగో ఓక్యామెల్ వాడినవారికి అనుభవమే. రకాన్ని బయటికి తెలియకుండా దాచటంలో, ఒకే ఒప్పందానికి పలు అమలులను పక్కపక్కన ఉంచటంలో మాడ్యూళ్ళదే పైచేయి.

ఈ రెండింటిలో ఏది మేలన్న వాదము దశాబ్దాలుగా సాగింది. 2007లో డెరెక్ డ్రేయర్, రాబర్ట్ హార్పర్, మాన్యుయెల్ చక్రవర్తి కలిసి, టైప్ క్లాసులను మాడ్యూళ్ళను ఉపయోగించే ఒక పద్ధతిగా చూడవచ్చునని నిరూపించారు. ఏ మాడ్యూలు కావాలో ప్రోగ్రామరు చెప్పటానికి బదులు, ప్రోగ్రాములోని ఒక నిర్దిష్ట భాగంలో కంపైలరు ఊహించుకోవటానికి అనుమతిస్తే క్లాసుల సౌలభ్యమంతా దొరుకుతుంది. ఫంక్షనల్ భాషల గడప దాటి రస్ట్ వంటి భాషలు కూడా ట్రెయిట్ అనే పేరుతో టైప్ క్లాసుల పద్ధతిని స్వీకరించాయి.

స్మృతి చిహ్నాలు

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో స్ట్రేచీ పేరుమీద ఒక ఆచార్యపీఠము ఉన్నది. ప్రోగ్రామింగ్ రిసెర్చ్ గ్రూప్ వెలువరించిన పరిశోధన పత్రాల వరుసలో ఈయన రచనలు తొలి సంఖ్యలలో కనబడతాయి. 2016 నవంబరులో స్ట్రేచీ శతజయంతిని ఆక్స్‌ఫర్డులో జరిపారు.